నేను చెప్పని జబ్బు

మా ఇంటి పై వాటాలో అద్దెకుండే అమ్మాయిల్లో ఒకమ్మాయి నర్సింగు చివరి సంవత్సరం చదువుతోంది. తార్నాకలో ఇప్పుడు ఏ ఇంటి పై వాటా చూసినా ఇలాంటి పిల్లలే. పొద్దున్నే తడి జుట్టుతో మెట్రో మెట్లెక్కి, పొద్దుగూకాక కర్రీ పాయింటు పొట్లాలు పట్టుకుని ఇంటికి చేరేవాళ్ళు. నేను ఒకప్పుడు నర్సునని ఎవరు చెప్పారో గాని, మొన్న పరీక్షలు దగ్గరపడ్డాక ఆ పిల్ల ఒక సాయంత్రం పుస్తకం పట్టుకుని కిందికి దిగివచ్చి, ఈ పాఠం నోటికి రావడం లేదు ఆంటీ, నేను అప్పజెప్తుంటే మీరు చూడండి, అని నా ముందు కూర్చుంది. నర్సు వృత్తిలో చట్టపరమైన, నైతికమైన బాధ్యతలు, అదీ పాఠం. నాకు ముచ్చటేసింది. కళ్ళజోడు పెట్టుకుని, ఎన్నేళ్ళ తర్వాతో మళ్ళీ పెద్దనర్సు హోదా వచ్చినట్టు సర్దుకుని కూర్చున్నాను.

ఆ పిల్ల సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో గడగడా చెప్పుకుపోతోంది. మందు ఇచ్చే ముందు చూసుకోవలసినవి, రోగి పడిపోతే ఎవరి పూచీ, డాక్టరు తప్పు రాస్తే నర్సు ఏం చెయ్యాలి, ఇవన్నీ అయ్యాక గోప్యత దగ్గరకు వచ్చింది. రోగి అనుమతి లేకుండా రోగి సంగతులు ఎవరికీ చెప్పరాదు అంది. అని ఊపిరి తీసుకోకుండా తరవాతి దానికి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఆ వాక్యం వెనకభాగాన్ని నా జీవితమంతా కంఠంలో మోసినదాన్ని నేను. ముందుభాగాన్ని, అనుమతి లేకుండా అని ఆ పిల్ల అంత సులువుగా అనేసిన ఆ చిన్న ముక్కని, నాకు నేర్పింది పుస్తకం కాదు. పొయ్యిమీద పాలున్నాయని అబద్ధం చెప్పి వంటింట్లోకి వెళ్ళి, కిటికీ ఊచలు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఇంత వయసొచ్చాక కూడా సిగ్గుతో చెవులు వేడెక్కుతాయని అనుకోలేదు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, మేము చదువుకున్న రోజుల్లో నర్సుగా వెళ్ళే ఆడపిల్లంటే లోకానికి కొంత జాలి, కొంత అనుమానం. పరాయి మగవాళ్ళ ఒళ్ళు ముట్టుకునే కొలువు అని మా మేనత్త మా నాన్నతో చాలాకాలం మాటలు మానేసింది. అందుకే కాబోలు, మాకు చదువు చెప్పిన ట్యూటరమ్మ అన్నిటికన్నా నోటి గురించే ఎక్కువ చెప్పేది. వార్డులో చూసింది వార్డు గడప దాటకూడదు, దాటితే రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తారు, కోర్టుకు ఈడుస్తారు, అవి రెండూ జరగకపోయినా రేపటినుంచి ఏ రోగీ నీ ముందు నిజం చెప్పడు, అనేది. తెల్లచీరలు కట్టుకుని, దీపాలు పట్టుకుని అందరం ప్రమాణం చేసిన రోజున తక్కిన మాటలన్నీ పెదవులతో పలికానేమో గాని, ఆ ఒక్క మాటను మనసుపెట్టి పలికాను. మర్యాద లేదన్నవాళ్ళ మధ్య అదే నా మర్యాద అనుకున్నాను. పెద్ద దవాఖానాలో చేసిన రోజుల్లో మా ఊరివాళ్ళే వార్డులో పడుకుంటే, వాళ్ళకేమైందని మా అమ్మ అడిగినా చెప్పలేదు. అమ్మ కోప్పడితే లోలోపల గర్వపడేదాన్ని. ఆ గర్వం సంగతి గుర్తుంచుకోండి. అది చిన్నది కాదు.

పెళ్ళయ్యాక యూనివర్సిటీలో విద్యార్థుల కోసం ఉన్న చిన్న దవాఖానాకు మారాను. మా ఆయన అక్కడే లైబ్రరీలో పనిచేసేవారు, మాకు క్యాంపస్‌లోనే చిన్న క్వార్టరు ఇచ్చారు. మా అత్తమ్మ, మరిది వారాసిగూడలో సొంతింట్లో ఉండేవారు. వాళ్ళ గల్లీలోనే మా ఆడబిడ్డ కాపురం. ఆదివారం వస్తే మేము క్యాంపస్ అడ్డదారిన నడిచి అక్కడికి వెళ్ళేవాళ్ళం. అప్పటి క్యాంపస్ ఇప్పటిలా కాదు. నల్లబండల మధ్య సీతాఫలం పొదలు, వాన పడితే నెమళ్ళ అరుపులు, హాస్టలు పిల్లలు ఇద్దరేసి ముగ్గురేసి పుస్తకాలు గుండెకు హత్తుకుని నడిచే ఎర్రమట్టి బాటలు. మా దవాఖానాలో పని కూడా అలాంటిదే; జ్వరాలు, కాలి బెణుకులు, పరీక్షల ముందు వచ్చే కడుపునొప్పులు. పొద్దున్నే గాజు సిరంజీలు నీళ్ళలో మరిగించడంతో మొదలై, మధ్యాహ్నానికి సద్దుమణిగేది. మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే ఆయమ్మ, నేను కలిసి సద్దిమూటలు విప్పుకుని తినేవాళ్ళం.

ఆ రోజుల్లో వచ్చింది ఆ అమ్మాయి. నల్లగొండ వైపు పల్లె, వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి, చరిత్రలో ఎమ్మే చదువుతోంది. హాస్టల్లో భోజనాల వరసలో నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడిపోతే తోటి పిల్లలు మోసుకొచ్చారు. డాక్టరుగారు కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం పరీక్ష చేయించి, ఈ పిల్ల ఒంట్లో రక్తమే లేదన్నారు. ఐరన్ మాత్రలిస్తే కడుపు తట్టుకోలేదు, అన్నీ వాంతులే. అందుకని సూదులు రాశారు. ఆ రోజుల్లో ఐరన్ సూది అంటే చిన్న సంగతి కాదు. కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉండే మందు, తుంటి మీద లోతుగా వెయ్యాలి, చర్మాన్ని ఒక పక్కకు లాగిపట్టి వెయ్యకపోతే మందు పైకి ఊరి అక్కడ మచ్చ పడుతుంది. తుంటిమీది సూది గనక తలుపు వేసి, తెర అడ్డం లాగి వేసేదాన్ని. వేశాక కాసేపు కాలు ఈడ్చుకుంటూ నడవాల్సిందే.

నొప్పి తెలియకుండా ఉండాలని ఆ అమ్మాయిని మాటల్లో పెట్టేదాన్ని. ఇప్పుడు మీ చేన్లో ఏం వేశారు అని అడిగితే చాలు, తల పక్కకు తిప్పుకుని బల్ల మీద బోర్లా పడుకుని, వాళ్ళ బత్తాయి తోట గురించి, నీళ్ళు అడుగంటిన బావి గురించి, తనని బడికి సైకిలు మీద దింపిన తండ్రి గురించి చెప్పుకుపోయేది. ఎమ్మే అయ్యాక కాలేజీలో పాఠం చెప్పాలని ఆశ. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేది, పైకి అంటే జరగదేమోనన్నట్టు. నన్ను అందరిలాగే సిస్టర్ అనేది, కానీ ఆ పిల్ల నోట అది తెలుగుమాటలాగే వినిపించేది. వారాలు గడిచి సూదులన్నీ పూర్తయ్యేసరికి పెదవులకు రంగొచ్చింది, మెట్లు ఎక్కితే ఆయాసం పోయింది. నాకు సంతోషమేసింది, మన చేతిమీదుగా ఒక మనిషి బాగుపడితే ఉండే సంతోషం నర్సు పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ సూదులు నడుస్తున్న రోజుల్లోనే ఒకసారి మా ఆడబిడ్డ, బోనాల పండుగకు ముందురోజే రమ్మని అత్తమ్మ చెప్పిన కబురు మోసుకుని నా దవాఖానాకు వచ్చింది. నేను లోపల ఆ అమ్మాయికి సూది వేస్తున్నానని ఆయమ్మ ఆవిడను బయట బల్ల మీద కూర్చోబెట్టింది. తలుపు తీసుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, పెదవి కొరుక్కుంటూ ఆ అమ్మాయి బయటికి రావడం మా ఆడబిడ్డ చూసింది. ఎవరా పిల్ల, ఏమైంది అని అడిగితే, హాస్టలు పిల్లలే అని మాట తప్పించాను. ఆవిడా మరిచిపోయింది, నేనూ మరిచిపోయాను.

మా మరిదికి బ్యాంకులో ఉద్యోగం ఖాయమయ్యాక సంబంధాలు చూడటం మొదలైంది. అంబర్‌పేటలో ఎవరి మేనకోడలో ఎమ్మే చదువుతోందట, పొలాలున్న కుటుంబమట అని కబురొస్తే, ఒక ఆదివారం మేమంతా పెళ్ళిచూపులకు ఆ మేనమామ ఇంటికి వెళ్ళాం. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని తలుపు కర్టెను తప్పించుకుని వచ్చింది ఎవరో కాదు, ఆ అమ్మాయే. తల వంచుకునే వచ్చింది గాని, పళ్ళెం నా ముందుకు తెచ్చేసరికి నన్ను చూసింది. ఆ చూపు నేను ఈ జన్మకు మరిచిపోలేను. తెలియని ఊళ్ళో బస్సు దిగినవాళ్ళకు తెలిసిన మనిషి ఎదురొస్తే ముఖం ఎలా విప్పారుతుందో అలా విప్పారింది, నవ్వబోయింది. ఈ ఇంట్లో నాకు తెలిసిన మనిషి ఒకరుంటారు అన్న ధైర్యం ఆ నవ్వులో కనిపించింది.

నేను కప్పు అందుకుని గోడమీది క్యాలెండరు వైపు చూశాను. రోగి బయట కనిపిస్తే మనంతట మనం పలకరించకూడదు, పలకరిస్తే పక్కవాళ్ళు ఎలా తెలుసని అడుగుతారు, అని ట్యూటరమ్మ చెప్పిన మాట నా ఒంట్లో అంతగా నాటుకుపోయింది. ఆ పిల్ల సగం నవ్వు సగంలోనే ఆగింది. పళ్ళెం పక్కవాళ్ళ ముందుకు జరిపింది. మా మరిది, పాపం, ఆ అమ్మాయిని కన్నెత్తి చూడటానికి మొహమాటపడుతూ చరిత్రలో ఏ కాలం ఇష్టమని అడిగితే, చిన్న గొంతుతో జవాబు చెప్పింది. పిల్ల అందరికీ నచ్చింది. మా మరిదికైతే మరీ నచ్చింది. కానీ నా పక్కన కూర్చున్న మా ఆడబిడ్డ ఆ పిల్ల ముఖాన్నీ, నా ముఖాన్నీ మార్చిమార్చి చూడటం నేను గమనించకపోలేదు.

ఆ సాయంత్రమే వారాసిగూడ ఇంట్లో, వాకిట్లో నులక గడంచె మీద కూర్చుని మా అత్తమ్మ నన్ను దగ్గరకు పిలిచింది. మా అత్తమ్మ చెడ్డమనిషి కాదని ముందే చెప్పాలి. చిన్నతనంలోనే భర్త పోతే బర్రెలు మేపి, పాలు అమ్మి పిల్లల్ని చదివించిన మనిషి, నన్ను కోడలిగా ఒక్కనాడూ తక్కువ చెయ్యలేదు.

"ఆ పిల్లను నీ దవాఖానల చూసిందట మీ వదినె. తలుపులు పెట్టి ఏదో వైద్యం చేసినవంట. ఏమన్న ఉన్నదా బిడ్డ?"

దవాఖానకు వచ్చినవాళ్ళ సంగతులు నేను చెప్పకూడదని అన్నాను.

"పరాయోళ్లకు చెప్పకు. మేం పరాయోళ్లమా? ఏం లేకుంటే ఏం లేదనే చెప్తవు గద."

ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేకపోలేదు. ఒకరి గురించి ఏం లేదని చెప్పడం మొదలుపెడితే, రేపు ఇంకొకరి గురించి చెప్పకపోవడమే చెప్పడమవుతుంది. అందుకే ఉన్నా లేకపోయినా ఒకే మాట చెప్పాలి, అది నియమం. ఆ నియమంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. కానీ గడంచె మీద కూర్చున్న మా అత్తమ్మకు నియమం ఎలా వినిపిస్తుంది? కోడలి నోట మాట రాకపోవడం మాత్రమే వినిపిస్తుంది. నేను తల వంచుకుని, ఎవ్వరికీ చెప్పకూడదు అత్తమ్మా, నన్నడగొద్దు, అన్నాను. ఆవిడ గడంచె మీంచి లేస్తూ, సరే బిడ్డ, నాకు సమజైంది అంది. ఏం సమజైందో నేనడగలేదు. క్వార్టరుకు నడిచి వెళ్ళేటప్పుడు మా ఆయన, నాకన్నా చెప్పు, తమ్ముడు ఆశపడుతున్నాడు అని అడిగారు. ఆయనకూ చెప్పలేదు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఇల్లంతా ఒక్కటై అడిగినా చెక్కుచెదరని నర్సునని నామీద నాకే గౌరవం కలిగింది. నిజంగా సిగ్గుపడేది ఆ నిద్ర గురించి.

సంబంధం కుదరలేదని అంబర్‌పేటకు కబురు వెళ్ళింది, జాతకాలు కలవలేదన్నారు. మా మరిది కొన్నాళ్ళు అన్నం సరిగా తినలేదు. నేను అంతటితో అయిపోయిందనుకున్నాను. అసలు సంగతి నాకు తెలిసింది, ఒక మధ్యాహ్నం రోగులెవరూ లేని వేళ ఆ అమ్మాయే దవాఖానాకు వచ్చినప్పుడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

"మీ అత్తగారోళ్లు నా గురించి మిమ్మల్నడిగిండ్రంట గద సిస్టర్. మీరేం చెప్పిండ్రు?"

ఏమీ చెప్పలేదమ్మా, నేను చెప్పను, చెప్పకూడదు, అన్నాను. ఆ పిల్ల సంతోషిస్తుందనే అనుకున్నాను. నిన్ను కాపాడాను అన్నట్టు ఉండి ఉంటుంది నా గొంతు.

ఆ పిల్ల నేలకేసి చూస్తూ, నెమ్మదిగా, పాఠం చెప్పినట్టే చెప్పింది. మా ఆడబిడ్డ ఎవరితోనో అన్నదట, మూసిన గదిలోంచి ఆ పిల్ల నడుం పట్టుకుని రావడం కళ్ళారా చూశాను, మా ఇంటి నర్సమ్మే నోరు విప్పలేదంటే ఏమనుకోవాలి, అని. ఆ మాట వారాసిగూడ నుంచి అంబర్‌పేటకు వెళ్ళేసరికి, హాస్టల్లో ఉండే ఆడపిల్ల గురించి లోకం అన్నిటికన్నా ముందు ఏమనుకుంటుందో ఆ మాటగా మారింది. అంబర్‌పేట నుంచి వాళ్ళ ఊరికి వెళ్ళేసరికి దానికి ఎన్నో నెల కడుపో కూడా చేరింది. మేనమామ ఇంటి గుమ్మం తొక్కవద్దన్నాడు. తండ్రి తీసుకుపోవడానికి వస్తున్నాడు.

"నాకు రక్తం తక్కువున్నదని చెప్తే అయిపోతుండె గద సిస్టర్. చెప్పొద్దని నేనన్ననా? నన్నొక్క మాట అడిగుంటే నేనే చెప్పుమందును." తల ఎత్తి, "అది నా సంగతి గద," అంది.

ఇన్నేళ్ళలో డాక్టర్లు తిట్టారు, రోగుల బంధువులు చెయ్యెత్తారు, ఎప్పుడూ ఇంత చిన్నదాన్ని అయిపోలేదు. ఆ పిల్ల రహస్యాన్ని నా రహస్యం చేసుకుని, నా గొప్ప కోసం దాచిపెట్టుకుని, అసలు సొంతదారుని ఒక్కసారి కూడా అడగలేదు. పెళ్ళిచూపుల మర్నాడే హాస్టలుకు వెళ్ళి, అమ్మా, మావాళ్ళు అడుగుతున్నారు, ఏం చెప్పమంటావు అని అడగడానికి నాకు ఏ చట్టం అడ్డు? హాస్టలు నా క్వార్టరుకు పిలుపుదూరంలో ఉండేది. పుస్తకంలో ఆ ముక్క ఉండే ఉంటుంది, ట్యూటరమ్మ చెప్పే ఉంటుంది. నేను మాత్రం నోరు మూసుకోవడం ఒక్కటే నేర్చుకున్నాను.

ఇప్పుడు చెప్పమంటావా అని అడిగాను. చెప్పండి, కానీ ఆ సంబంధం కోసం కాదు, నా పేరు కోసం, అంది. అది విన్నాక ఆగలేదు. డాక్టరుగారితో చెప్పి, ఆయమ్మకు తాళం అప్పగించి, యూనిఫారం మీదే వారాసిగూడ నడిచాను. మా అత్తమ్మ బియ్యం చెరుగుతోంది. ఆ అమ్మాయి చెప్పమంది గనక చెప్తున్నాను అని మొదలుపెట్టి, కళ్ళు తిరిగి పడిన నాటినుంచి చివరి సూది దాకా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ చేటను పక్కన పెట్టి పూర్తిగా విన్నది.

"నేనడిగిననాడు నోరిప్పకపోతివి. ఇయ్యాల ఆ పిల్ల ఏడ్చిందని ఉరికొచ్చి చెప్తున్నవ్. ఏది నమ్మాలె బిడ్డ?"

కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. నేను ప్రమాణం చేసి చెప్పబోతే వద్దన్నది. నువ్వు అబద్ధమాడవని నాకు తెలుసు, కానీ జాలితో మనిషి ఏమైనా అంటుంది, అని మళ్ళీ చేట అందుకుంది. మా ఆడబిడ్డతో కూడా చెప్పాను. అట్లనా, నేనేమన్న ఒక్క మాట అన్నానా, చూసింది చూసినట్టు చెప్పిన, అంది ఆవిడ. అదీ నిజమే. ఎవరూ అబద్ధమాడలేదు. నేను చెప్పలేదు, మా అత్తమ్మ అడిగింది, మా ఆడబిడ్డ చూసింది చెప్పింది. అయినా ఒక ఆడపిల్ల పేరు పోయింది.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. పొడుగాటి మనిషి, భుజాన తువ్వాలు, దవాఖానా గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూతురు ఆయన పక్కన నిలబడింది. ఆయన నావైపు చూడలేదు, నేలను అడిగినట్టు అడిగాడు.

"నా బిడ్డకు మీరేం వైద్యం చేసిండ్రు తల్లీ?"

ఆ పిల్ల మేజరు. కన్నతండ్రి అడిగినా, ఆమె సరేనంటేనే నేను నోరు విప్పాలి. ఈసారి నేను ఆమె వైపు చూశాను. ఆలస్యంగా నేర్చుకున్న పాఠం అది. "చెప్పుండ్రి సిస్టర్. అన్ని చెప్పుండ్రి," అంది. నేను మందు సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఒంట్లో రక్తం తగ్గిపోయిందని, అన్నం సరిగా తినక, నెలసరి ఎక్కువై అలా అవుతుందని, పల్లెలో సగంమంది ఆడవాళ్ళకు ఉండేదేనని, సూది తుంటిమీద వేస్తాం గనక తలుపు వేస్తామని అన్నీ చెప్పాను. డాక్టరుగారు కూడా వచ్చి అదే మాట అన్నారు. ఆయన ఆ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"గింతేనా?"

ఇంతేనన్నాను.

ఆయన బల్ల మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నేను మీరు చెప్పకముందే నమ్మిన తల్లీ. నా బిడ్డ సంగతి నాకు తెల్వదా? నలుగుర్ల అనెతందుకు ఒక మాట కావాల్నని వచ్చిన. ఈ మాట ఆనాడే ఉంటే మంచిగుండు." అని సీసా జాగ్రత్తగా నాకు తిరిగిచ్చి దండం పెట్టాడు. ఆ దండం నేను అందుకోలేకపోయాను. తిట్టి ఉంటే తేలికయ్యేది.

ఆయన నమ్మినా ఊరు నమ్మాలి గనక ఆ అమ్మాయిని ఇంటికి తీసుకుపోయాడు. హాస్టలు ముందు రిక్షాలో ట్రంకుపెట్టె, పరుపు చుట్ట ఎక్కిస్తుంటే దూరంగా చెట్టు కింద నిలబడి చూశాను గాని దగ్గరకు వెళ్ళే ముఖం లేకపోయింది. పరీక్షలు దగ్గరలోనే ఉన్నాయి. ఆ పిల్ల ఆ పరీక్షలు రాయలేదు. ఆ తర్వాత చాలాకాలం, హాస్టలు పిల్లలు సూదికి వచ్చి బల్ల మీద పడుకుంటే, వాళ్ళను మాటల్లో పెట్టడానికి నాకు నోరు వచ్చేది కాదు. మా మరిదికి వేరే సంబంధం కుదిరింది, మంచి పిల్లే వచ్చింది. ఆ పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం నా చేతికిచ్చి నన్ను ముందు నిలబెట్టారు. ఫొటోల్లో నేను ఎక్కడా నవ్వలేదని తర్వాత అందరూ అన్నారు.

చాలా ఏళ్ళకు, నా తలలో తెల్లవెంట్రుకలు మొదలయ్యాక, తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే సిస్టర్ అని ఎవరో పిలిచారు. చూడకముందే ఆ పిలుపు తెలిసింది. ఒళ్ళు వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, పక్కన పొడుగాటి ఆడపిల్ల. కూతుర్ని యూనివర్సిటీలో చేర్చడానికి వచ్చిందట. నాకు భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. తను మాత్రం నా చెయ్యి పట్టుకుని, బస్టాపులో ఉన్న నలుగురికీ వినబడేంత గొంతుతో కూతురికి చెప్పింది, నాకు ఒంట్లో రక్తం లేనప్పుడు సూదులేసి బతికించింది ఈ సిస్టరే, అని. పెళ్ళి వాళ్ళ పక్క ఊళ్ళోనే అయిందని, భర్త బడిపంతులని, ఆయన చదివించబట్టి పిల్లలు పుట్టాక ఎమ్మే ప్రైవేటుగా కట్టి పూర్తిచేసిందని, కాలేజీలో కాదు గాని హైస్కూల్లో సోషల్ చెప్తోందని చెప్పింది. వాళ్ళ నాన్న పోయాడట. ఆ నర్సమ్మ ఎదురుగ నిలబడి నిజం చెప్పింది అని పోయేదాకా అనేవాడట. ఆ మెచ్చుకోలు నా గుండెలో ముల్లులా దిగింది.

నేను ఉండబట్టలేక, ఆనాడు నిన్ను ఒక్క మాట అడగాల్సిందమ్మా, అన్నాను.

"అయిపాయె గద సిస్టర్," అంది. తర్వాత రోడ్డు వైపు చూస్తూ, "అడిగితే మంచిగుండు," అంది. రెండు మాటలూ ఒకే గొంతుతో అంది. ఈలోపు వాళ్ళ బస్సు వచ్చింది.

మా అత్తమ్మ లేదిప్పుడు. మా ఆడబిడ్డకు ఆ పిల్లే గుర్తులేదు; ఒకసారి ఎత్తితే, ఎవరి సంగతి చెప్తున్నావే అని అడిగింది. నేను రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు వెళ్తాను. మట్టిబాటలు సిమెంటు రోడ్లయ్యాయి, సీతాఫలం పొదలు ఎక్కడో తప్ప లేవు. హాస్టలు ఆడపిల్లలు ఫోను చెవికి ఆనించుకుని నన్ను దాటుకుంటూ పోతుంటారు. థైరాయిడ్ ఎంతుందో, నెలసరి ఎన్నాళ్ళకొచ్చిందో, డాక్టరు ఏ మాత్ర రాసిందో గట్టిగా ఎవరికో చెప్పుకుపోతుంటారు. తోవలో నడిచే మగపిల్లలు వింటారేమోనన్న బెదురే వాళ్ళకు లేదు. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు నడక తగ్గించి మరీ వింటాను. తమ సంగతి తామే చెప్పుకునే ఈ పిల్లల్ని ఏ నర్సమ్మ మౌనమూ ఏమీ చెయ్యలేదు. అది చూస్తే నాకెంత నిబ్బరంగా ఉంటుందో చెప్పలేను. అయినా వాళ్ళు మలుపు తిరిగి కనబడకుండా పోయాక, తల వంచుకుని గుమ్మంలో నిలబడే పిల్లల కాలంలో నాకు అడగడం ఎందుకు తెలియలేదా అని ఒక్కదాన్నే అనుకుంటూ, కొంతదూరం ఎవరి ముఖమూ చూడకుండా నడుస్తాను.